నికోబార్ కొబ్బరినూనె తెప్పించాలని ఉంది. డబ్బు కాయ కొట్టినవాళ్ల దాకా చేరుతోందని ఎలా తెలుసుకోవాలి?

పెందుర్తి గానుగ:

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెందుర్తి. అమ్మా నేనూ కలిసి ఆరేళ్లుగా రెండు చెక్క గానుగలు నడుపుతున్నాం. నువ్వులు, వేరుశెనగ, కొబ్బరి ఆడతాం. ఎండుకొబ్బరి ఉద్దానం నుంచి వస్తుంది, అక్కడ దొరకనప్పుడు అంబాజీపేట నుంచి తెప్పిస్తాం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టి చదవండి.

మా చిన్న మావయ్య కుర్రతనంలోనే భీమిలి నుంచి అండమాన్ వెళ్లిపోయాడు. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్‌లో ఉంటాడు, చేపల పని. పోయిన సంక్రాంతికి ఓడలో వస్తూ ఒక మంచినీళ్ల సీసా నిండా కొబ్బరినూనె తెచ్చాడు. కార్ నికోబార్ నుంచి వచ్చి ఆయనతో పాటు జెట్టీలో పనిచేసే ఒకతని ఇంట్లో తీసిన నూనెట. పొద్దున్నే చూస్తే సీసాలో తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. అమ్మ దాన్ని పిట్టగోడ మీద ఎండలో పెట్టింది. పది గంటలకి కరిగింది. మూత తీస్తే, కొబ్బరిపాలు పొయ్యి మీద దగ్గరపడేటప్పుడు వచ్చే వాసన. ఆరేళ్లుగా కొబ్బరి ఆడుతున్నాను, నా గానుగ నూనెకి ఎప్పుడూ ఆ వాసన రాలేదు.

"వాళ్లకి దీనికి ఎంత గిడుతుంది మావయ్యా?" అని అడిగాను.

"నూనెగా ఎవరు కొంటారే? ఎండబెట్టి బస్తాల్లో ఇచ్చేస్తారు. ఓడ ఆలస్యమైతే బూజు పట్టిందని ధర కోసేస్తారు. మళ్లీ వెనక్కి మోసుకుపోలేరు కదా, ఇచ్చేసి వెళ్తారు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. మా దుకాణానికి వచ్చేవాళ్లు మంచి నూనెకి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి వెనకాడరు. ఆ ఎక్కువలో కొంత ఆ దీవి మనిషికి చేరితే బాగుండునని అనిపించింది.

ఇక్కడే తప్పు చేశాను. తొందరపడి, నగరంలోనే ఉన్న ఒక డీలర్ దగ్గర "అండమాన్ ద్వీపాల నూనె" అని పది టిన్నులు కొన్నాను, 15 కిలోలవి. దుకాణం ముందు బోర్డు కూడా పెట్టాను. రెండు వారాలకి, మా దగ్గర మొదటి నుంచీ కొనే ఒక పెద్దావిడ సీసా పట్టుకొచ్చి, "ఏమ్మా, దీనికి వాసనే లేదేంటి?" అన్నారు. నిజమే, నీళ్లలా ఉంది, వాసన లేదు. అప్పుడు బిల్లు తీసి చూశాను. పోర్ట్ బ్లెయిర్‌లో 9వ తేదీన లోడింగ్, విశాఖలో 10వ తేదీన డెలివరీ అని ఉంది. మావయ్య ఓడలో వచ్చినప్పుడు రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు దాటి ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. ఆ టిన్నులు ఒక్క రోజులో ఎలా వచ్చాయి? డీలర్‌ని అడిగితే రకరకాలుగా చెప్పాడు, ఓడ కాగితం మాత్రం చూపించలేదు.

బోర్డు దించేశాను. ఫోన్ నంబర్లు ఉన్న పద్నాలుగు మందికి నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి డబ్బు వెనక్కిచ్చాను. మిగిలిన టిన్నులు సబ్బు చేసేవాళ్లకి ఇచ్చేశాను. డబ్బు పోయిందని కాదు నా బాధ. నికోబార్ వాళ్ల పేరు చెప్పి నా చేత్తో నేను అబద్ధం అమ్మాను. అది తట్టుకోలేకపోయాను.

అప్పటి నుంచి దీని గురించి వెతుకుతూనే ఉన్నాను. నాకు అర్థమైనంతలో సరుకు నడక ఇలా ఉంటుంది: కాయ దింపినవాళ్లు, కొట్టి ఎండబెట్టినవాళ్లు, ఊళ్లో కొనే సొసైటీ లేదా వ్యాపారి, దీవి నుంచి దీవికి తిరిగే ఓడ, పోర్ట్ బ్లెయిర్‌లో గోదాం, అక్కడి నుంచి మెయిన్‌లాండ్ ఓడ, ఇక్కడ మిల్లు, ఆ తర్వాత సీసాలో పోసి అమ్మేవాళ్లు. మధ్యలో మిల్లు దగ్గర అన్ని ఊళ్ల కొబ్బరీ ఒకే కుప్పలో పడిపోతుంది. ఆ తర్వాత ఏ కాయ ఏ దీవిదో దేవుడికే తెలియాలి.

నా దగ్గర లెక్క కూడా ఉంది. నా గానుగలో 15 కిలోల ఎండుకొబ్బరి వేస్తే తొమ్మిది కిలోలకి కాస్త తక్కువ నూనె దిగుతుంది. అంటే కిలో నూనెకి కిలో ఏడొందల గ్రాముల కొబ్బరి. కాయకి నూట యాభై గ్రాములు వేసుకున్నా, ఒక్క కిలో నూనె వెనక పదకొండు కాయలున్నాయి. చెట్టెక్కి ఆ పదకొండు కాయలు దింపి, వలిచి, కొట్టి, ఎండబెట్టినవాళ్లకి ఎంత ముడుతోంది? నాకు తెలియాల్సింది ఇదే.

నేరుగా తెప్పించే దారి ఉందా? ఎవరిని అడగాలి? ఏ కాగితాలు చూస్తే మళ్లీ మోసపోకుండా ఉంటాను? ఎండుకొబ్బరి తెప్పించి నేనే ఆడాలా, అక్కడ తీసిన నూనె తెప్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


రేవు గుమస్తా:

అమ్మా, నేను విశాఖ పోర్టులో క్లియరింగ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. నువ్వు తేదీలు చూడటం చాలా మంచి పని. నాకు తెలిసింది చెబుతాను.

ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. ప్రయాణికుల ఓడకి దాదాపు 56 గంటలు పడుతుంది, సముద్రం బాగుంటేనే. విశాఖ నుంచి ఓడ నెలకి ఇంచుమించు ఒకటి. చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి రాకపోకలు ఎక్కువ. కాబట్టి ఎవరైనా "ప్రతివారం అండమాన్ నుంచి విశాఖకి సరుకు వస్తుంది" అంటే అక్కడే ఆగి, ఏ ఓడలో వస్తోంది, ఏ రేవులో దిగుతోంది అని అడుగు. చెన్నైలో దింపి లారీ మీద తెచ్చామంటే, అది జరిగే పనే. కానీ అప్పుడు చెన్నైలో దింపిన కాగితం ఉండాలి, లారీ ఈ-వే బిల్లు ఉండాలి, రెండింటి బరువూ కలవాలి.

మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకో. అక్కడ సరుకు ఎక్కించినప్పుడు ఓడవాళ్లు ఇచ్చే రసీదు, దాన్నే బిల్ ఆఫ్ లేడింగ్ అంటాం. ఇక్కడ దించినప్పటి డెలివరీ కాగితం. అమ్మినవాడి ఇన్‌వాయిస్. మూడింటిలో ప్యాకేజీల సంఖ్య, గుర్తులు, బరువు ఒకటే ఉండాలి. మేము గుర్తులు అనేవి డ్రమ్ము మీద పెయింటుతో రాసే అక్షరాలు. డ్రమ్ము మీద ఒక గుర్తు, కాగితం మీద ఇంకో గుర్తు ఉంటే ఆ సరుకు ముట్టుకోవద్దు.

ఇంకొక మాట. మొత్తం లెక్క అడుగు. ఒక వ్యాపారి ఏడాదిలో దీవుల నుంచి ఎంత ఎండుకొబ్బరి కొన్నాడు, ఎంత నూనె అమ్మాడు? నువ్వే చెప్పావు కదా, కిలోకి కిలో ఏడొందలు అని. పది టన్నుల కొబ్బరి కొని పది టన్నుల నూనె అమ్మితే మిగతా నూనె ఎక్కడిది? ఈ ఒక్క ప్రశ్నకి తడబడేవాళ్లని చాలామందిని చూశాను.

చిన్న పార్శిల్ అయితే ప్రయాణికుల ఓడలోనే పంపే వీలుందేమో మీ మావయ్యనే జెట్టీలో కనుక్కోమను. తెలిసిన మనిషి అక్కడ నిలబడి ఎక్కిస్తే సగం బెంగ తీరుతుంది.


కొబ్బరిబట్టీ అంబాజీపేట:

అక్కా, మాది అంబాజీపేట దగ్గరే. తాతగారి కాలం నుంచి కొబ్బరి బట్టీ ఉంది. నేను కొబ్బరి వైపు నుంచి చెబుతాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఎండుకొబ్బరి వ్యాపారంలో రైతు నష్టపోయేది ధర దగ్గర కంటే కాటా దగ్గర. దాన్ని తరుగు అంటాం. పచ్చికొబ్బరిలో సగం నీళ్లే. దాన్ని ఆరు శాతం తేమకి దించితే నిలవ ఉంటుంది. దీవిలో వానల్లో పూర్తిగా ఎండదు, పన్నెండు శాతం దగ్గర ఆగిపోతుంది అనుకోండి. వంద కిలోల అలాంటి కొబ్బరిని మళ్లీ ఆరు శాతానికి ఎండబెడితే 93 కిలోల 600 గ్రాములు మిగలాలి. అంటే న్యాయమైన తరుగు ఆరున్నర కిలోల లోపు. కొనేవాడు "తడిగా ఉంది" అని చేత్తో నొక్కి చూసి వందకి పది కిలోలు కోస్తే, మూడున్నర కిలోలు ఊరికే పోయినట్టే. బస్తా బస్తాకీ ఇదే జరుగుతుంది. పైకి ధర మాత్రం అందరితో సమానంగానే కనిపిస్తుంది. మా నాన్న ఈ ఒక్క విషయం మీద ఎంతమందితో గొడవ పడ్డారో నేను చిన్నప్పుడు చూశాను.

కాబట్టి మీరు నిజంగా వాళ్లకి మేలు చేయాలంటే కిలోకి పది రూపాయలు ఎక్కువ ఇస్తానని చెప్పడం కంటే ముందు ఒక తేమ మీటరు కొని పంపండి. అది అమ్మేవాళ్ల చేతిలో ఉండాలి, కొనేవాళ్ల చేతిలో కాదు. అంకె చూసి తరుగు లెక్క వేసుకుంటే ఇద్దరికీ గొడవ ఉండదు.

మీటరు వచ్చేలోపు చేత్తో చూసుకునే పద్ధతి: ముక్క విరిస్తే టప్పున విరగాలి. వంగి, నారలా సాగి విరిగితే లోపల ఇంకా తేమ ఉంది. లోపలి వైపు తెల్లగా ఉండాలి, కానీ మరీ సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గంధకం పొగ పట్టించారేమో వాసన చూడండి. పీచు మంట మీద ఎండబెడితే కొబ్బరి పొగచూరి గోధుమరంగుకి తిరుగుతుంది, నూనెలోకి కూడా ఆ పొగవాసన వస్తుంది. మేము చిప్ప బొగ్గుల నిప్పు మీద ఆరబెడతాం, పొగ ఉండదు. ఎండ రోజుల్లో కాయ కొట్టి చిప్పతోనే ఎండలో పెడితే రెండో రోజుకి కొబ్బరి ముడుచుకుని చిప్ప నుంచి వదిలేస్తుంది, ఆ తర్వాత ఊడదీసి మళ్లీ ఎండబెడతాం.

బూజు విషయంలో కఠినంగా ఉండండి. పైన పసుపుపచ్చ బూజు ఉన్న ముక్కల్ని తుడిచి గానుగలో వేయకండి. అఫ్లటాక్సిన్ అనే విషం ఆ బూజు వల్లే వస్తుంది. నూనె తీశాక మిగిలే పిండిలో అది ఎక్కువగా ఉండిపోయి, ఆ పిండి తిన్న గేదె పాలలోకి కూడా చేరుతుంది.

ధర గురించి: 2025 సీజనుకి కేంద్రం మద్దతు ధర నూనెకొబ్బరికి క్వింటా 11,582, కురిడీకి, అంటే గుండు కొబ్బరికి 12,100 ఇచ్చింది. ఆ ఏడాది మార్కెట్ దాన్ని ఎప్పుడో దాటేసింది, కేరళలో నూనె కిలో నాలుగొందలు దాటింది. మా దగ్గర గండేరా, గటగట అనే కురిడీ రకాల రేటు పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. ఇలాంటప్పుడు మా దగ్గర ఫోన్ కొడితే రేటు తెలుస్తుంది. దీవిలో ఉన్నవాడికి పాత రేటే చెప్పి కొనేస్తారు. కాబట్టి మీరు కొనే రోజు ఇక్కడి మార్కెట్ రేటు వాళ్లకి వాట్సాప్‌లో పంపించి, ఆ తర్వాతే బేరం మాట్లాడండి.

చివరగా ఒక ప్రశ్న, ఏమీ అనుకోకండి. ఉద్దానం మీకు నాలుగు గంటల దూరం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అక్కడ చెట్లు ఎలా పడిపోయాయో మీకు తెలుసు. వాళ్లని వదిలేసి సముద్రం దాటి వెళ్లడం ఎందుకు?


పెందుర్తి గానుగ:

తమ్ముడూ, తరుగు లెక్క చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆరేళ్లుగా కొంటున్నాను, నేను కూడా ముక్క నొక్కి చూసి "కొంచెం తడిగా ఉందండీ" అన్నదాన్నే. తేమ మీటరు ఈ వారమే తెప్పిస్తున్నాను. మొదట అది ఉద్దానం రైతుల దగ్గరే మొదలవుతుంది.

నీ ప్రశ్న సరైనదే. ఉద్దానాన్ని వదలడం లేదు. కవిటి దగ్గర మేం కొనే మూడు కుటుంబాలతో కొనుగోలు అలాగే ఉంటుంది. తిత్లీ తర్వాత కొత్తగా వేసిన చెట్లు వాళ్లకి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ ఇంటి పెద్దాయన ఒకసారి, పడిపోయిన చెట్టుని నరకడానికి నెలపాటు చేతులు రాలేదని చెప్పారు. నికోబార్‌లో 2004 డిసెంబరు 26న సునామీకి తోటలు తోటలే కొట్టుకుపోయాయని చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. పొడుగు రకం కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఒకచోట ఆ బాధ దగ్గర నుంచి చూశాను కాబట్టే రెండో చోటు గురించి ఆలోచిస్తున్నాను. ఒకరిది తీసి ఇంకొకరికి ఇవ్వాలని కాదు.


సీతమ్మధార సబ్బులు:

నేను ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతాను. సమాధానాల కోసం నేనూ చూస్తున్నాను. నూనె వస్తే యాభై లీటర్లు నాకు రాసుకోండి, అడ్వాన్సు ముందే ఇస్తాను.


జంగ్లీఘాట్ మాస్టారు:

నమస్కారమమ్మా. నేను పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు పిల్లలకి పాఠాలు చెబుతాను, మాది సోంపేట. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది, కాగితాల మీద ఆ పేరు చూసి కంగారుపడవద్దు. మీరు చెప్పిన జెట్టీ నాకు రోజూ కనిపించేదే.

కార్ నికోబార్ ఇక్కడి నుంచి ఇంకా 270 కిలోమీటర్లు దక్షిణాన ఉంది. అది గిరిజన రిజర్వు. ట్రైబల్ పాస్ లేకుండా బయటివాళ్లు అడుగుపెట్టకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద ఆ కట్టుదిట్టం ఉంది. మీరు లారీ వేసుకుని ఊళ్లోకి వెళ్లి కొనడం లాంటిది అక్కడ కుదరదు. కుదరకూడదు కూడా. పూర్వం వ్యాపారులు బట్టలకీ బియ్యానికీ బదులుగా కొబ్బరి పట్టుకుపోయేవారు, ఆ లెక్క ఎప్పుడూ వ్యాపారి పుస్తకంలోనే ఉండేది. అక్కడి సహకార సంఘాల ద్వారా, ట్రైబల్ కౌన్సిల్‌కి తెలిసేలా వెళ్లడమే దారి. ప్రతి ఊరికీ కెప్టెన్ అని ఒక పెద్ద ఉంటారు. మొదటి ఉత్తరం ఆయనకి చేరాలి.

ఇంకొకటి మీరు తెలుసుకోవాలి. అక్కడ చెట్టు ఒక మనిషిది కాదు. తుహెత్ అంటారు, ఉమ్మడి కుటుంబం. వాళ్ల నేల, తోట, పందులు అన్నీ ఆ కుటుంబానివి. మీరు "ఒక రైతు ఫొటో పెట్టి, ఈ సీసా ఈయనదే" అని రాయాలనుకుంటే అది వాళ్ల పద్ధతికి నప్పదు. ఎవరికి డబ్బు ఇవ్వాలో కుటుంబం చెబుతుంది. ఊరి పేరు వేయాలన్నా అడిగి వేయండి.

ఎండుకొబ్బరా, నూనా అని అడిగారు. నా మాట వింటే నూనె. ఎందుకో చెబుతాను. వంద కిలోల ఎండుకొబ్బరి పంపితే ఓడకి వంద కిలోల బాడుగ. అక్కడే తీస్తే అరవై కిలోల నూనె. బాడుగ తగ్గుతుంది, బూజు భయం పోతుంది, ఓడ పది రోజులు ఆలస్యమైనా డబ్బాలో నూనె చెడదు. మిగిలిన పిండి అక్కడే ఉండిపోతుంది. నికోబార్ ఇంట్లో పందికి కొబ్బరే మేత, ఆ పిండి మీకు పనికిరాకపోయినా వాళ్లకి పండగే. పసిఫిక్‌లో సాలమన్ దీవుల లాంటి చోట్ల ఇదే ఆలోచనతో చిన్న యంత్రాలు పెట్టారు. డైరెక్ట్ మైక్రో ఎక్స్‌పెల్లింగ్ అంటారు. పచ్చికొబ్బరి కోరి, చిప్పల మంటతో వేడెక్కిన పెనం మీద ఆరబెట్టి, చేత్తో నొక్కే ప్రెస్సులో పిండుతారు. కాయ కొట్టిన గంటలో నూనె. కరెంటు అక్కర్లేదు. మీ మావయ్య తెచ్చిన సీసాలోది అలా యంత్రంతో కాదు, పాలు తీసి కాచినది. అది ఇంట్లో వాడుకకి తీసేది, ఎక్కువ రాదు. మీరు వంద లీటర్లు అడిగితే ఆడవాళ్ల మీద పడే చాకిరీ గురించి కూడా ఆలోచించండి. ఆ కోరడం, పిండటం ఎవరు చేస్తున్నారో వాళ్ల కూలీ విడిగా లెక్క కట్టండి.

నికోబారీ వర్జిన్ కొబ్బరినూనెకి ఇటీవల జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ అందరం సంతోషించాం. కానీ ఆ పేరు వాడుకునే హక్కు అధీకృత వినియోగదారులుగా నమోదైన ఉత్పత్తిదారులకే. మీరు కొనేవాళ్లకి ఆ నమోదు ఉందో లేదో చూడకుండా సీసా మీద జీఐ అని రాయకండి.

మీ మావయ్య స్నేహితుడి ద్వారా మొదలుపెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటిసారి కొని రెండోసారి కొనని మనుషుల్ని వాళ్లు చాలామందిని చూశారు.


మర్రిపాలెం కెమిస్ట్:

అమ్మాయీ, నూనెల ల్యాబులో పని చేసినవాణ్ణి కాబట్టి పరీక్షల గురించి మాత్రం చెబుతాను. ఏ ల్యాబూ మామూలు పరీక్షలతో "ఇది నికోబార్ నూనె" అని చెప్పలేదు. కొబ్బరినూనేనా కాదా, తాజాదా ముక్కిందా అనే చెబుతుంది. ఊరు చెప్పేది కాగితాలే, అవి రేవు గుమస్తా గారు చెప్పారు.

కొబ్బరినూనెలో కలిపేది ఎక్కువగా పామ్ కెర్నెల్ నూనె. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుందిలే అని ఇంట్లో పరీక్ష చేస్తారు. అది కూడా గడ్డకడుతుంది, కాబట్టి ఆ పరీక్షతో పట్టుకోలేవు. అయొడిన్ విలువ అడుగు. కొబ్బరినూనెకి 7.5 నుంచి 10 మధ్య ఉండాలి. పామ్ కెర్నెల్‌కి 14 పైమాటే. 12 వచ్చిందంటే కలిసిందని అనుమానించు. పోలెన్‌స్కీ విలువ అని ఇంకో పరీక్ష ఉంది, అది 13కి తగ్గకూడదు. నూనె ముక్కిందో లేదో చెప్పే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, పెరాక్సైడ్, వాటితో పాటు తేమ కూడా రాయించు. నువ్వు కొన్న వాసన లేని నూనె బహుశా రిఫైన్ చేసి వాసన తీసేసినది. అది కొబ్బరినూనే అయి ఉండొచ్చు, దీవిదని మాత్రం నిరూపించలేవు.

ప్రతి డ్రమ్ము నుంచీ వంద మిల్లీలీటర్లు సీసాలో తీసి, మూత మీద సీలు వేసి, తేదీ రాసి చీకట్లో దాచు. రేపు ఎవరైనా అడిగితే అదే నీ సాక్షి. అక్కడ కూడా ఇలాంటి సీసా ఒకటి ఉంచమను. ఇక్కడికొచ్చాక నూనె బాలేదని నువ్వంటే, తప్పు దారిలో జరిగిందో అక్కడ జరిగిందో వాళ్లు నిరూపించుకోగలగాలి.

లేబుల్ మీద తలనూనె అని రాయకు, తినే నూనెగానే అమ్ము. చిన్న ప్యాకెట్లలో ఉన్నంత మాత్రాన అది తలనూనె అయిపోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 18న తేల్చింది. అంతకుముందు దాని మీద పన్ను గొడవ పదిహేనేళ్లకి పైగా నడిచింది. తీసినవాళ్లకి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి, సీసాలో పోసేది నువ్వు కాబట్టి నీ లైసెన్సు నంబరు కూడా వేయాలి.


పెందుర్తి గానుగ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఒక్కొక్కరి సమాధానం ప్రింటు తీసి గానుగ గది గోడకి అంటించాను. అమ్మ మాస్టారి గారి మాటల దగ్గర ఆగి, "రెండోసారి కొనని మనుషులు" అన్న వాక్యం కింద పెన్నుతో గీత గీసింది.

మావయ్యతో నిన్న రాత్రి గంటసేపు మాట్లాడాను. ఆయన స్నేహితుడు పక్కనే ఉన్నాడు, హిందీలో మాట్లాడుకున్నాం. నేను మొదట వంద లీటర్లు అడుగుదామనుకున్నాను. మాస్టారు గారు చెప్పిన మాట గుర్తొచ్చి, "ఇబ్బంది లేకుండా ఎంత ఇవ్వగలరు?" అని అడిగాను. అతను ఇంట్లో ఎవరితోనో మాట్లాడి వచ్చి, రెండు నెలలకి నలభై లీటర్లు అన్నాడు. సరే అన్నాను. కోరి, పిండే ఆడవాళ్ల కూలీ విడిగా అడిగితే అతను కాసేపు మాట్లాడలేదు. ఇంతవరకూ అలా ఎవరూ అడగలేదట. లెక్క వేసి వచ్చే వారం చెబుతానన్నాడు. కెప్టెన్ గారికి ఉత్తరం హిందీలో రాసి పంపుతున్నాను, సంఘం ద్వారానే బిల్లు చేయమని అందులోనే అడిగాను.

డబ్బు విషయం ఇలా అనుకున్నాం. డబ్బాలు జెట్టీలో కాటా వేసి ఫొటో పంపగానే సగం. ఇక్కడ దిగి, బరువు చూసుకున్న రోజే మిగతా సగం. నేను అమ్మినా, అమ్మకపోయినా ఆ సగం ఆగదు. ఓడ ఆలస్యం నా ఖాతాలోనే, వాళ్ల ఖాతాలో కాదు. దారిలో డబ్బా పగిలినా నాదే. నేను భరించగలను, నలభై లీటర్లే కదా.

సీతమ్మధార గారూ, యాభై లీటర్లు ఇవ్వలేను, క్షమించండి. మొదటిసారి వచ్చింది దుకాణంలో ఆ పద్నాలుగు మందికే ముందు చెబుతాను.

రేవు గుమస్తా గారూ, గుర్తులు మీరు చెప్పినట్టే పెయింటుతో వేయిస్తున్నాను. పది లీటర్ల డబ్బాలు నాలుగు, కొత్తవే, ఆహారానికి వాడే రకం. మొన్న వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు పెరట్లో బోర్లించి ఆరబెట్టాం. లోపల చెయ్యి పెట్టి పొడిబట్టతో తుడిచి మళ్లీ చూశాను, చెమ్మ లేదు. మావయ్య కొడుకు వచ్చే ఓడకి వెళ్తున్నాడు, ఖాళీ డబ్బాలతో పాటు ఇంకో తేమ మీటరు కూడా అతని చేతికే ఇస్తున్నాను. దాన్ని ఎలా వాడాలో తమ్ముడు అంబాజీపేట నుంచి వీడియో తీసి పంపాడు. తెలుగులో మాట్లాడాడు కానీ అంకెలు కనిపిస్తాయి, అర్థమవుతుంది.

ఓడ దిగిన రోజు వచ్చి రాస్తాను.